మీ ఫోన్ ఏ వైఫై పేర్లను నమ్ముతోంది?

వైఫై ఆన్ చేయగానే తెర మీద కనిపించే జాబితా వేరు, ఫోన్ లోపల దాచుకున్న జాబితా వేరు. మొదటిది ఈ క్షణాన చుట్టుపక్కల గాలిలో ఏయే పేర్లు వినిపిస్తున్నాయో చెబుతుంది. పది అడుగులు అటు వేస్తే మారిపోతుంది. రెండోది ఇన్నేళ్లలో మీరు ఎక్కడెక్కడ కనెక్ట్ అయ్యారో ఫోన్ రాసి పెట్టుకున్న చిట్టా. మీరు చెరిపితే తప్ప చెరగదు. రెండిట్లోనూ ఒకే పేరు తగిలిందంటే ఫోన్ మిమ్మల్ని అడగదు, వెళ్లి అతుక్కుంటుంది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాకపోవడం, నెట్ లేని వైఫైకే పదేపదే తగులుకోవడం, ఎదురుగా ఉన్న రౌటర్ పేరు కనిపించకపోవడం... ఈ మూడూ ఒకే జబ్బు కాదు. ముందుగా ఏ జాబితాలో తేడా వచ్చిందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

సేవ్ అయిన ఒక్కో నెట్‌వర్క్ వెనక ఏముంటుందో చూద్దాం. పేరు, సెక్యూరిటీ రకం, పాస్‌వర్డ్, దానంతటదే కనెక్ట్ అవ్వాలా వద్దా, అది పేరు దాచుకున్న నెట్‌వర్కా కాదా, దానితో మాట్లాడేటప్పుడు ఫోన్ ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) వాడాలి. దాదాపు ఇంతే. అది ఫలానా రౌటరే అని గుర్తుపట్టే వివరం మాత్రం మామూలుగా అందులో ఉండదు. అంటే ఫోన్ చూసేది పేరునీ సెక్యూరిటీ రకాన్నీ మాత్రమే. అవి రెండూ కలిస్తే చాలు, తనకు తెలిసినవాడే అనుకుంటుంది.

పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్ అయితే ఆ తర్వాత ఇంకో గడప ఉంది. పాస్‌వర్డ్‌ని గాలిలోకి వదలకుండానే, అది ఇద్దరికీ తెలుసని నాలుగు సందేశాల్లో ఒకరికొకరు రుజువు చేసుకుంటారు. దొంగ రౌటర్‌కి పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి ఆ తంతు మధ్యలోనే ఆగిపోతుంది. అయితే డబ్ల్యూపీఏ2 అనే సెక్యూరిటీ రకంలో మొదటి రెండు సందేశాలు చేతికి చిక్కినా చాలు, వాటిని పెట్టుకుని తీరిగ్గా పాస్‌వర్డ్‌లు ఊహించుకుంటూ పోవచ్చు. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్ అక్కడే దొరికిపోతుంది. దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ దారిని మూసేసింది. పాస్‌వర్డ్ లేని ఓపెన్ నెట్‌వర్క్‌కి ఈ గడపే లేదు. ఎప్పుడో ఒకసారి కనెక్ట్ అయిన "ఫ్రీ వైఫై" మీ చిట్టాలో ఉంటే, అదే పేరుతో ఎవరు ఎక్కడ రౌటర్ పెట్టినా మీ ఫోన్ వెళ్లి వాలుతుంది.

అందుకే చిట్టా శుభ్రం చేయాలంటే ముందు ఏరి పారేయాల్సింది ఓపెన్ నెట్‌వర్క్‌లని. పాస్‌వర్డ్ ఉన్న పాతవి పది ఉన్నా పెద్ద కొంప మునగదు. ఓపెన్‌ది ఒక్కటున్నా ముప్పే.

రెండో వంతు పేరు దాచుకున్న నెట్‌వర్క్‌లది. పేరు దాచితే భద్రం అనే నమ్మకం చాలామందిలో పాతుకుపోయింది. అసలు జరిగేది తిరగబడి ఉంటుంది. మామూలు రౌటర్ తన పేరుని 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు పదిసార్లు, తానే చాటుకుంటుంది. ఫోన్ ఊరికే వింటే సరిపోతుంది. రౌటర్ నోరు మూసుకుంటే ఆ పని ఫోన్ నెత్తిన పడుతుంది. సేవ్ చేసిన ఆ పేరు పెట్టి "ఉన్నావా, ఉన్నావా" అని వెళ్లిన ప్రతిచోటా పిలవాలి. పక్కన ఎవరైనా వింటుంటే మీ ఇంటి నెట్‌వర్క్ పేరు వాళ్లకి తెలిసిపోతుంది. ఏ పేరుతో పిలిచినా "నేనే అది" అని బదులిచ్చే దొంగ రౌటర్ల పద్ధతి ఒకటుంది, దానికి కర్మ అనే పేరు పెట్టారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నట్టు, అది పట్టుకునేది ఇలా పేర్లు పెట్టి కేకలేసే ఫోన్లనే. ఇప్పటి ఫోన్లు మామూలు నెట్‌వర్క్‌ల పేర్లను ఇలా బయటపెట్టవు. "హిడెన్" అని గుర్తుపెట్టి సేవ్ చేసినవాటికి మాత్రం వేరే దారి లేదు. మీ రౌటర్‌లో పేరు దాచే ఆప్షన్ ఆన్‌లో ఉంటే తీసేయండి. తీశాక ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి, కనిపించే జాబితాలోంచి మళ్లీ ఎంచుకోండి. లేకపోతే పాత హిడెన్ గుర్తు చిట్టాలో అలాగే ఉండి, ఫోన్ పిలవడం మానదు.

ఇక చిట్టా ఎక్కడుందో చూద్దాం.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఇంటర్నెట్, ఆ పేజీ అడుగున సేవ్డ్ నెట్‌వర్క్స్. శాంసంగ్‌లో కనెక్షన్స్, వైఫై, పైన మూడు చుక్కలు, వెర్షన్‌ని బట్టి అడ్వాన్స్‌డ్ అనో ఇంటెలిజెంట్ వైఫై అనో ఉంటుంది, దాని లోపల మేనేజ్ నెట్‌వర్క్స్. పేరు మీద నొక్కితే ఫర్గెట్‌తో పాటు ఆటో కనెక్ట్ స్విచ్ కూడా కనిపిస్తుంది.

ఐఫోన్‌లో చాలాకాలం ఈ చిట్టానే చూపించేవారు కాదు. ఆ నెట్‌వర్క్ అందుబాటులో ఉన్న చోటికి వెళ్తే తప్ప ఫర్గెట్ చేసే వీలుండేది కాదు. లేదంటే నెట్‌వర్క్ సెట్టింగ్స్ మొత్తం రీసెట్ కొట్టాల్సిందే. ఐఓఎస్ 16 నుంచి సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, పైన కుడివైపు ఎడిట్ నొక్కితే మొహమో పాస్‌కోడో అడిగి మొత్తం జాబితా చూపిస్తుంది. పాస్‌వర్డ్‌లు కూడా అక్కడే చదువుకోవచ్చు. అదే జాబితాలో మేనేజ్డ్ అనే విభాగం వేరుగా కనిపిస్తే, అవి సిమ్ కంపెనీ తరఫునో ఆఫీసు తరఫునో వచ్చినవి. వాటికి ఫర్గెట్ ఉండదు, ఆటో జాయిన్ మాత్రం ఆపుకోవచ్చు. ఎంతకీ పోని వింత పేరు ఏదైనా ఉంటే చాలాసార్లు అది ఈ కోవలోదే.

మ్యాక్‌లో, అంటే యాపిల్ కంప్యూటర్‌లో, సిస్టమ్ సెట్టింగ్స్, వైఫై, కింద అడ్వాన్స్‌డ్. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్. అయితే విండోస్‌లో అసలు సత్తా కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో ఉంది. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. మొదటి మాట ఎన్-ఇ-టి-ఎస్-హెచ్, అదే నెట్ఎస్‌హెచ్. రెండోది డబ్ల్యూ-ఎల్-ఎ-ఎన్, అదే డబ్ల్యూలాన్.

"నెట్ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్స్" కొడితే సేవ్ అయిన పేర్లన్నీ వరసగా వస్తాయి. చివర "షో ప్రొఫైల్" అని ఏకవచనంలో రాసి, "నేమ్=" తర్వాత కోట్స్‌లో నెట్‌వర్క్ పేరు, ఆపైన "కీ=క్లియర్" చేరిస్తే, కీ కంటెంట్ అనే వరసలో పాస్‌వర్డ్ కనిపిస్తుంది. అందుకు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. తీసేయడానికి "డిలీట్ ప్రొఫైల్ నేమ్=" అని పేరు. పేరు స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే చిట్టా మొత్తం ఒక్క దెబ్బకి ఖాళీ అవుతుంది, మళ్లీ అడగదు. అది కొట్టే ముందు "ఎక్స్‌పోర్ట్ ప్రొఫైల్"తో ఫైళ్లు దాచుకోవచ్చు. కానీ "కీ=క్లియర్"తో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌లో పాస్‌వర్డ్ అందరూ చదవగలిగేలా ఉంటుంది, పని కాగానే తుడిచేయండి.

లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ (కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) ఉంటే "ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో", తీసేయడానికి "ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ డిలీట్".

ఫర్గెట్ కొట్టడమా, ఆటో కనెక్ట్ ఆపడమా? నెట్‌వర్క్‌తో మళ్లీ పని ఉండి, అది అడక్కుండా తగులుకోవడమే మీ బాధ అయితే ఆటో కనెక్ట్ ఆపితే సరిపోతుంది. పాస్‌వర్డ్ మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది. ఓపెన్ నెట్‌వర్క్‌లకి మాత్రం నేరుగా ఫర్గెట్. యాపిల్ పరికరాలు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఐక్లౌడ్ కీచైన్ (పాస్‌వర్డ్‌లను మీ పరికరాలన్నిటికీ పంచే యాపిల్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే చిట్టా అన్నిటికీ ఉమ్మడి. ఫోన్‌లో ఫర్గెట్ చేస్తే మ్యాక్‌లోంచి కూడా పోతుంది. "ల్యాప్‌టాప్ ముట్టుకోనే లేదు, వైఫై ఎలా మర్చిపోయింది" అనే అనుమానానికి జవాబు ఇదే.

విసిగిపోయి నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ కొట్టేవాళ్లు ఎక్కువ. అది వైఫైతో ఆగదు. ఐఫోన్‌లో వీపీఎన్, మొబైల్ డేటా సెట్టింగ్స్ పోతాయి. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జతలు కూడా తెగిపోతాయి. ఒక్క నెట్‌వర్క్ మొండికేస్తే ఆ ఒక్కదాన్నే ఫర్గెట్ చేసి చూడండి, రీసెట్ ఆఖరి అస్త్రం.

తెలిసిన నెట్‌వర్క్‌లు రెండు ఒకేచోట ఉన్నప్పుడు దేనికి కనెక్ట్ అవ్వాలో ఎవరు తేలుస్తారు? ఫోన్లలో ఆ వరస మన చేతిలో ఉండదు. గత వాడకం, సిగ్నల్, సెక్యూరిటీ లాంటివి చూసి అదే తేల్చుకుంటుంది. అక్కడ మనకున్న పట్టు ఒక్కటే, వద్దనుకున్నదానికి ఆటో కనెక్ట్ ఆపడం. విండోస్‌లో "సెట్ ప్రొఫైల్ఆర్డర్" కమాండ్‌తో వరస ఇవ్వొచ్చు, "ప్రయారిటీ=1" ఇచ్చిందే ముందు. లినక్స్‌లో లెక్క తిరగబడుతుంది: ఆటోకనెక్ట్ ప్రయారిటీ మామూలుగా 0 ఉంటుంది, పెద్ద అంకెకే పెద్ద పీట. ఇంటి నెట్‌వర్క్‌కి 10 ఇచ్చి తక్కినవి వదిలేస్తే సరి.

ఇప్పుడు కనిపించే జాబితా సంగతి. రౌటర్ వెలుగుతోంది, పక్క ఫోన్‌కి దొరుకుతోంది, మీ ఫోన్‌లో మాత్రం పేరు లేదు. ముందు చూడాల్సింది ఛానెల్, అంటే రౌటర్ మాట్లాడే దారి నంబరు. వైఫై వాడే తరంగాల పట్టీల్లో (బ్యాండ్‌లలో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానెళ్లు కొన్ని దేశాల్లో వాడతారు, కొన్ని దేశాలకు తయారైన పరికరాలు 11తోనే ఆగిపోతాయి. రౌటర్ ఆటో మోడ్‌లో ఉండి 13కి జరిగిందంటే అలాంటి ల్యాప్‌టాప్‌కి ఆ పేరు లేనట్టే. "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. రౌటర్‌లో 1, 6, 11లలో ఒకదాన్ని గట్టిగా పెట్టేస్తే తీరిపోతుంది.

5 గిగాహెర్ట్జ్‌ది ఇంకో కథ. అందులో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను రాడార్లతో పంచుకోవాలి. రౌటర్ అక్కడ నోరు తెరిచే ముందు కనీసం 60 సెకన్లు రాడార్ ఉందేమో వినాలి. వాతావరణ రాడార్లు వాడే ఛానెళ్లలో కొన్ని ప్రాంతాల్లో ఆ వినడం పది నిమిషాలు. రౌటర్ రీస్టార్ట్ చేశాక 2.4 వెంటనే కనిపించి 5 ఎంతకీ రాకపోతే రౌటర్ పాడైందని కంగారు పడకండి, వింటూ ఉండి ఉంటుంది. మధ్యలో రాడార్ తగిలితే ఛానెల్ ఖాళీ చేసి, అరగంట దాకా అటువైపు తిరిగి చూడకూడదు. పైగా ఈ ఛానెళ్లలో ఫోన్ ముందుగా పిలవకూడదు, విని మాత్రమే పేరు పట్టుకోవాలి. కాబట్టి జాబితాలో కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తలనొప్పి వద్దంటే 36 నుంచి 48 లోపు ఛానెల్ ఎంచుకోండి.

6 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కావాలంటే రెండు వైపులా వైఫై 6ఈ గానీ ఆపైది గానీ ఉండాలి. ఆ బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ2 చెల్లదు.

ఛానెల్ గొడవ కాకపోతే యాప్‌లూ అనుమతులూ చూడాలి. చుట్టూ ఉన్న వైఫై పేర్లను బట్టి మీరు ఎక్కడున్నారో చెప్పేయొచ్చు కాబట్టి ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్‌లకు లొకేషన్ అనుమతి లేకపోతే జాబితా ఖాళీగా వస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లకు మించి స్కాన్ చేయలేదు. గదులు తిరుగుతూ సిగ్నల్ కొలిచేవాళ్లకి అంకెలు కదలకుండా నిలిచిపోయేది ఇందుకే. డెవలపర్ ఆప్షన్స్‌లో వైఫై స్కాన్ థ్రాట్లింగ్ ఆపితే అంకెలు మళ్లీ కదులుతాయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి "షో నెట్‌వర్క్స్" కమాండ్‌కీ లొకేషన్ అనుమతి కావాలి. అనుమతి ఉన్నా కనెక్ట్ అయిన ఒక్క పేరే చూపిస్తుంటే, టాస్క్‌బార్‌లోని వైఫై జాబితాని ఒకసారి తెరిచి, నాలుగైదు సెకన్లు ఆగి కమాండ్ మళ్లీ కొట్టండి. జాబితా తెరవడమే కొత్త స్కాన్‌ని లేపుతుంది.

పేరుతోనే తిప్పలు పడేవాళ్లూ ఉన్నారు. నెట్‌వర్క్ పేరుకి హద్దు 32 అక్షరాలు కాదు, 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడి లెక్కే. "మా ఇల్లు" 22 బైట్లు, హాయిగా పడుతుంది. "పుస్తకాల గది" కంటికి ఆరు అక్షరాలే గానీ లోపల పదకొండు గుర్తులు, మధ్యలో ఖాళీతో కలిపి 34 బైట్లు. పట్టదు. కొన్ని పాత పరికరాలు తెలుగు పేరుని పిచ్చి గీతలుగా చూపిస్తాయి కూడా. ప్రింటర్ లాంటివి ఇంట్లో ఉంటే పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచడమే మేలని నా అభిప్రాయం.

పక్కింటి పేర్లు పాతిక కనిపించి మనది వెతుక్కోవాల్సి వస్తోందా? ఫోన్లలో వాటిని దాచే ఏర్పాటు లేదు. విండోస్‌లో ఉంది: "నెట్ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ యాడ్ ఫిల్టర్ పర్మిషన్=బ్లాక్ ఎస్ఎస్ఐడీ=" అని కోట్స్‌లో పేరు, ఆ తర్వాత "నెట్‌వర్క్‌టైప్=ఇన్‌ఫ్రాస్ట్రక్చర్". ఆ పేరు ఇక జాబితాలోకి రాదు. బ్లాక్ బదులు "డినైఆల్" పెడితే అన్నీ మాయమవుతాయి, మీది ఒక్కటి "అలౌ"తో విడిగా చేర్చుకోవాలి. ఇందులో బోల్తా పడే చోటు ఒకటుంది. ఫిల్టర్ పెట్టిన సంగతి ఆరునెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ల్యాప్‌టాప్‌కి కొత్త నెట్‌వర్క్‌లేవీ కనిపించకపోతే "షో ఫిల్టర్స్" కొట్టి చూడండి.

రౌటర్ మార్చేటప్పుడు ఈ పరిజ్ఞానం చాలా శ్రమ తగ్గిస్తుంది. కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత సెక్యూరిటీ రకం అచ్చంగా అవే ఇస్తే ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, కెమెరాలు అన్నీ తేడా గమనించకుండానే కనెక్ట్ అయిపోతాయి. అచ్చంగా అంటే నిజంగా అచ్చంగానే: పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరు, పేరు చివర పొరపాటున పడిన ఖాళీ కూడా లెక్కే. మూడిట్లో ఎక్కువమంది తప్పేది సెక్యూరిటీ రకం దగ్గర. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టుకుని వస్తే, పాత పరికరాలు పేరు చూపించి కూడా కనెక్ట్ కావు. పాస్‌వర్డ్ తప్పు అన్నట్టు మాట్లాడతాయి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ పెట్టండి. అప్పటికీ ఒక ల్యాప్‌టాప్ మొరాయిస్తే దాని చిట్టాలోని పాత నమోదు అడ్డుపడుతోంది, ఫర్గెట్ చేసి మళ్లీ చేరండి.

మ్యాక్ అడ్రస్ విషయం కూడా ఇక్కడే. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టరో పిల్లల ఫోన్‌కి సమయం హద్దో పెట్టి ఉంటే, అది పనిచేయడం మానేయడానికి కారణం ఇదే కావచ్చు. ఉత్తుత్తిదని గుర్తుపట్టడం తేలిక: అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఇంగ్లిష్ ఎ, ఇ లలో ఏదైనా అయితే అది కల్పితం. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ చేరినా మామూలుగా అదే కల్పిత అడ్రస్ వస్తుంది. మీ ఇంటి నెట్‌వర్క్ ఒక్కదానికి అసలు అడ్రస్ వాడమని ఆ నెట్‌వర్క్ పేజీలోనే మార్చుకోవచ్చు, బయటివాటికి ముట్టుకోకండి.

వైఫై ఆఫ్ చేశాం కదా అనుకునేవాళ్లకు రెండు మాటలు. ఐఫోన్ కంట్రోల్ సెంటర్‌లో వైఫై గుర్తు నొక్కితే అది ఆగదు, ఉన్న కనెక్షన్ తెగుతుందంతే. మర్నాడు ఉదయం 5 గంటలకో, మీరు వేరేచోటికి వెళ్లినప్పుడో మళ్లీ తగులుకుంటుంది. నిజంగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సెట్టింగ్స్ లోపల వైఫై స్కానింగ్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే వైఫై ఆఫ్‌లో ఉన్నా ఫోన్ చుట్టుపక్కల పేర్లు వెతుకుతూనే ఉంటుంది.

పాస్‌వర్డ్ పంచుకోవడానికి క్యూఆర్ కోడ్ అందరికీ అలవాటైంది. అదేదో తాళం వేసిన కోడ్ అనుకుంటారు. అందులో ఉండేది నెట్‌వర్క్ పేరు, సెక్యూరిటీ రకం, పాస్‌వర్డ్, ఉన్నవి ఉన్నట్టు. ఎవరైనా ఆ బొమ్మని ఫొటో తీస్తే పాస్‌వర్డ్ రాసిచ్చినట్టే. గోడకి అంటించేది గెస్ట్ నెట్‌వర్క్‌ది, అంటే అతిథుల కోసం అదే రౌటర్‌లో విడిగా పెట్టే వైఫైది మాత్రమే అయ్యుండాలి.

చివరికి పరికరాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఫోన్, ల్యాప్‌టాప్ రీసెట్ చేయడం అందరికీ గుర్తుంటుంది. ప్రింటర్, స్మార్ట్ బల్బు, కెమెరా, పాత టీవీ ఎవరికీ గుర్తుండవు. వాటి కడుపులోనూ మీ వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది, కొన్ని చవక పరికరాల్లో ఏ తాళమూ లేకుండా. ప్లగ్ పీకితే అది పోదు. ప్రతిదానికీ రీసెట్ బటనో, వరసగా ఇన్నిసార్లు ఆన్ ఆఫ్ చేయమనే పద్ధతో ఉంటుంది, దాని కాగితంలో చూసి చేయాలి. పాడైపోయి రీసెట్ కూడా కానివాటికి రౌటర్‌లో పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే మందు. అప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ మళ్లీ కలపాలి. మొదటినుంచీ ఇలాంటి చిల్లర పరికరాలన్నిటినీ గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టి ఉంటే గెస్ట్ పాస్‌వర్డ్ ఒక్కటి మారుస్తారు, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ కదలవు. ఆ గెస్ట్ నెట్‌వర్క్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంచండి, బల్బులూ ప్లగ్గులూ చాలావరకు దాన్ని తప్ప వినలేవు.